ఎవరి ఆకు వారిది

లంకాకూ, గోదారి లంకల చుట్ట పొగాకూ, నీకు దణ్ణం. నీకంటే ముందు నువ్వు పుట్టిన మట్టికి దణ్ణం.

ఏటా శ్రావణ భాద్రపదాల్లో గోదారి ఎర్రబడి, గట్లెక్కి వచ్చి, లంకలన్నిటినీ ముంచేసి, పోతూపోతూ వాటి ఒంటికి ఒక పూత ఒండ్రు రాసి పోతుంది. నాసిక్ దగ్గర బయల్దేరిన నీరు, ఇంద్రావతి మోసుకొచ్చిన బస్తరు అడవుల నీరు, శబరి నీరు, అన్నీ తలా ఇంత మట్టి తెచ్చి అక్కడ దించి వెళ్తాయి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలవలు పారాయి, డెల్టా వరిచేలతో నిండిపోయింది. లంకలు మాత్రం ఏటి మధ్యనే ఉండిపోయాయి. వాటికి ఏడాదికో కొత్త నేల. వరద తీసి, కాలు దిగబడకుండా నేల గట్టిపడ్డాక అక్కడ నిన్ను నాటేవారు. పూతకొచ్చే వేళకి నీ తల తుంచేవారు, పక్కల నుంచి తొంగిచూసిన పిలకలన్నీ గిల్లేవారు. పువ్వుకీ గింజకీ పోవాల్సిన బలమంతా ఆ ఉన్న కాసిని ఆకుల్లోకే ఎక్కాలి. అలా బలమెక్కిన ఆకు మందంగా, జిగురుగా తయారవుతుంది. కోసినవాళ్ళ చేతులకి నల్లటి బంక అంటుకుంటే ఒక పట్టాన వదలదు.

ఆ తరవాతే నీ రెండో పుట్టుక. నీడన వేలాడి వేలాడి ఎండుతావు. రాత్రి మంచు తగిలి పదునుకొస్తావు. ఆ పదును చూసి నిన్ను దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి మండె కడతారు. మండె లోపల నీకు నువ్వే వేడెక్కుతావు. పని తెలిసిన మనిషి మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, వేడి ఎంతుందో చూసి, ఇక చాలనుకున్న పూట మండె తిరగేయిస్తాడు. పైది కిందికి, కిందిది పైకి. మళ్ళీ కట్టు, మళ్ళీ వేడి, మళ్ళీ తిరగేత. పచ్చివాసన పోతుంది. గొంతు గీరే గుణం పోతుంది. ఘాటు మిగులుతుంది, ఆ ఘాటు వెనకాల సన్నటి తీపి ఒకటి పుడుతుంది. ఆ తీపి కోసమే ఈ తపనంతా.

సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పాడలో మాత్రం నువ్వు పుట్టవు. అక్కడి నేలలో ఉప్పు, నూతిలో ఉప్పు, గాలిలో ఉప్పు. ఉప్పునీళ్ళు తాగిన పొగాకులో క్లోరైడు పేరుకుంటుంది. అలాంటి ఆకు గాలిలో తేమ పీల్చి మెత్తబడిపోతుంది. నిప్పంటిస్తే సరిగా అంటుకోదు, అంటుకున్నా నిలవదు, నల్లగా చచ్చిపోతుంది. రాజుకోవడానికి నీకు పొటాషియం నిండిన మంచినీటి ఒండ్రు కావాలి. అందుకే ఎక్కడో రాజమండ్రి ఎగువ దిగువల పుట్టి, కట్టలుగా కట్టించుకుని, కాకినాడ మీదుగా ఉప్పాడ చేరుకున్నావు. సముద్రం ఒడ్డున పుట్టలేని ఆకు సముద్రం మనుషులకే ఎక్కువ కావలసివచ్చింది.

వాళ్ళ బతుకు అలాంటిది. తెల్లారగట్ల చీకట్లో తెప్ప తోసి కెరటం దాటినవాడికి ఒళ్ళంతా తడి, ఎదురుగా గాలి, రెండు చేతులూ వల మీద. ఆ గాలిలో చుట్ట వెలిగించి నిలబెట్టుకోవడం ఎలా? నిప్పు కొసని నోట్లోకి తిప్పుకున్నారు. అడ్డపొగ. నిప్పు లోపల, మొదలు బయట. గాలికి ఆరదు, జల్లుకి తడవదు, చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఒడ్డున ఆడవాళ్ళ సంగతీ అంతే. నెత్తిన చేపల గంప, చంకన బిడ్డ. ఖాళీ చెయ్యి లేని మనిషి నోటినే పొయ్యి చేసుకుంది. శ్రీకాకుళం నుంచి ఇటు గోదారి దాకా ఈ తీరాన మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువగా అడ్డపొగ తాగిన తరాలున్నాయి.

అలాంటి నోటి ముందు నువ్వు ఏ లోపమూ దాచుకోలేవు. నిప్పు నాలుక మీద ఉండగా సగం మాగిన ఆకు తన గుట్టు తానే చెప్పేస్తుంది. బరువు కోసం నీళ్ళు చిలకరించిన ఆకు చిటపటమంటుంది. కిందటేటి ఆకులో కొత్తాకు కలిపి కట్టిన కాడ రెండో దమ్ముకే దొరికిపోతుంది. ఆ నోళ్ళు అక్షరం ముక్క చదవలేదు. నిన్ను మాత్రం క్షుణ్ణంగా చదివాయి. నేను దణ్ణం పెడుతున్నది ఆ చదువుకి.

ఎవరి ఆకు వాళ్ళకి ఒక్కరోజులో దొరికేది కాదు. అమ్మమ్మ చుట్ట పొయ్యిలో అంటించి తెమ్మంటే, తెచ్చే దారిలో ఒక్క దమ్ము లాగి, దగ్గి, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్న పిల్ల ఉంటుంది. అది అమ్మమ్మ ఆకు. మెట్టినింట అడుగుపెడితే అక్కడ అత్తగారి ఆకు, మరీ కారంగా. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఆకే, నచ్చినా నచ్చకపోయినా. తన ఆకు ఏదో ఆ పిల్లకి అప్పటికి తెలీదు. చేపలు ఎండేసే దిబ్బ మీద, కాకులు తోలుతూ కూర్చున్న మధ్యాహ్నాల్లో, పక్కనున్నావిడ రొంటినుంచి తీసిన ముక్క వాసన తగులుతుంది. "వదినా, నీదేం ఆకు? ఓ పిసరు ఇలా ఇయ్యి." ఆ పిసరుతో వెతుకులాట మొదలవుతుంది. ఈ సంతకి ఒకడి దగ్గర ఒక కాడ, వచ్చే సంతకి ఇంకొకడి దగ్గర ఇంకో కాడ. ఒకటి నసాళానికి అంటుతుంది. ఒకటి చప్పగా, పొగ తప్ప ఇంకేం లేకుండా పోతుంది. ఒకటి బాగుందనుకుంటే మూడో రోజుకి నాలుక మీద పొక్కు. పురుళ్ళు, తుపాన్లు, గట్టుకి చేరని పడవలు, ఇన్నిటి మధ్యన ఆ వెతుకులాట సాగుతూనే ఉంటుంది. ఒకనాడు దొరుకుతుంది. దొరికిందని ఎవరితోనూ అనదు. పైవారం సంతలో మిగతా కొట్లన్నీ దాటుకుంటూ తిన్నగా వెళ్ళి ఒకడి ముందే కూర్చుంటుంది. అంతే, ఊరందరికీ తెలిసిపోతుంది.

ఆ కూర్చోవడం చూసితీరాలి. కట్టలోంచి ఒక కాడ లాగుతుంది. ముందు వెలుగుకి పెట్టి రంగు చూస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఎక్కడైనా మిగిలిందా? మిగిలితే మండెలో అన్యాయం జరిగిందన్నమాట. తరవాత ఈనెని రెండు వేళ్ళ మధ్య వంచుతుంది. టప్పుమని విరిగితే ఎండు ముదిరింది, ఎంత వంచినా విరక్కపోతే నీళ్ళు తాగించారు. వంగి, వంగి, చివరికి చిన్నగా విరగాలి. అప్పుడు ఆకు మడత విప్పి బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆకుని పక్కన పెట్టేసి, వేలు వాసన చూస్తుంది. ఆకు వాసనలో గోనెసంచీ వాసన, కొట్టు వాసన, పక్కనున్న ఎండుమిరపకాయల వాసన కలిసుంటాయి. వేలికి అంటినదే అసలు వాసన. చేప మొప్ప ఎత్తి ఏ పూటదో చెప్పే వేళ్ళు అవి, ఆకు దగ్గర పొరపడతాయా? ఆఖరున ఒక ముక్క చుట్టి అంటిస్తుంది. అంటించి, లాగదు. ఊరికే పట్టుకుని చూస్తుంది. తనంతట తాను ఎంతసేపు రాజుకుంటుందో, నిప్పు చుట్టూ సమంగా నడుస్తోందో ఒక పక్కకే పరిగెడుతోందో చూస్తుంది. బూడిద తెల్లగా, గట్టిగా, రాలకుండా నిలబడితే అది మంచి ఏటి మట్టిలో పుట్టిన ఆకు. నల్లగా, జావలా ముడుచుకుంటే చవిటినేలది. వ్యవసాయ రసాయనశాస్త్రం క్లోరైడనీ పొటాషియమనీ చెప్పే సంగతులు ఆమెకి బూడిద రంగులో కనిపిస్తాయి.

ఒక్క ఆకుతో తృప్తి పడనివాళ్ళూ ఉన్నారు. లోపలికి మందపాటి లంకాకు, పైన చుట్టడానికి పల్చటి నాటాకు. లేదా నిరుటి పాతాకు రెండు వంతులు, కొత్తాకు ఒక వంతు. ఈ పాళ్ళు ఎక్కడా రాసి ఉండవు, ఆ మనిషి అరచేతిలోనే ఉంటాయి. చుట్టేటప్పటి బిగువు కూడా ఆ మనిషిదే. ముసురు రోజుల్లో ఆకు తేమ పీలుస్తుంది కాబట్టి కాస్త వదులుగా, ఎండాకాలం బిగించి. దారం రెండు చుట్లు తిప్పి ముడి వేశాక, చీకట్లో చేతికిచ్చినా తన చుట్ట ఏదో తను చెప్పగలదు. అదే ఉప్పాడలో మగ్గం గుంటల్లో కూర్చుని జాందానీ నేసేవాళ్ళున్నారు, 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చీరలు వాళ్ళవి. పట్టు పోగుల దగ్గర నిప్పురవ్వకి చోటు లేదు, అక్కడి పెద్దవాళ్ళు పొడుం డబ్బీతో సరిపెట్టుకున్నారు. బుటాకి ఏ పోగు ఎక్కడ దూర్చాలో వేలి కొసకి తెలిసినట్టే ఏ పొడుం తనదో ముక్కు కొసకి తెలుసు.

ఇది ఉప్పాడ ఒక్కదానికే ఉన్న పిచ్చి అనుకోను. పైపు తాగేవాళ్ళు అన్ని ఖండాల్లోనూ ఇదే వెతికారు. ఆకు కాల్చే బేరన్ కొట్టం వేడికి బంగారు రంగు తిరిగిన వర్జీనియా ఆకుకి, కట్టెల పొగలో ఊరిన లటాకియా ఎంత కలపాలి? లూసియానాలో పీపాల్లో అణిచి పులియబెట్టే పెరీక్ చిటికెడు వేయాలా, రెండు చిటికెలా? ఏళ్ళ తరబడి డబ్బా మీద డబ్బా మార్చి, ఒకనాడు ఇదే అనుకుని ఆగిపోతారు. వాళ్ళు పీల్చే వర్జీనియా పండే నేలల్లో మన దేవరపల్లి, జంగారెడ్డిగూడెం ఎర్రనేలలూ ఉన్నాయి. ఇక నువ్వో, ఎంత దూరం వెళ్ళావో నీకైనా తెలుసా? 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకుల బూడిదల మీద తాను రాసిన పుస్తకం గురించి చెబుతూ, ముందుగా ఎత్తిన పేరు లంక చుట్టదే. బూడిద చూసి ఆకుని పోల్చే ఆ విద్యకి లండన్‌లో అంత పేరు. ఉప్పాడలో చేపల గంప దించి కూర్చున్న మామ్మకి అది రోజువారీ పని. బర్మాకీ వెళ్ళావు నువ్వు, అక్కడి చుట్టల కోసం ఓడలకెత్తితే. కోరంగి నుంచీ కాకినాడ నుంచీ రంగం (రంగూన్) వెళ్ళిన మన కూలీలకి ఆ పరాయి రేవులో ముక్కుకి తెలిసిన వాసన నువ్వు ఒక్కదానివే అయి ఉంటావు.

ఇంత ప్రేమగా నీ పేరెత్తుతున్న నోటితోనే ఇంకో మాటా చెప్పాలి. నువ్వు వాళ్ళ అంగిళ్ళు కాల్చావు. 1971లో బ్రిటన్ క్యాన్సర్ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనానికి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుళ్ళు, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారినవి. మామూలుగా చుట్ట తాగేవాళ్ళకి అరుదుగా వచ్చే చోట, నోటి పైకప్పులో, మా తీరం ఆడవాళ్ళకి రాచపుండు వచ్చింది. కారం తినలేక, పులుసు మింగలేక, చివరికి గంజి కూడా దిగక పోయినవాళ్ళు ప్రతి వీధికీ ఉన్నారు. నిన్ను అంత సూక్ష్మంగా ఎరిగిన అంగిలినే నువ్వు తిన్నావు. ఈ పాటలో ఆ దుఃఖానికి చోటు లేకపోతే పాటకి విలువ లేదు. ఉప్పాడ ఆడపిల్లలు ఈవేళ నిన్ను నోట పెట్టుకోరు, దానికి నేను మనసారా సంతోషిస్తున్నాను. అమ్మమ్మల నోటి పుళ్ళు చూసి మానేసిన పిల్లలు వాళ్ళు.

1947లో రాజమండ్రిలో వెలిసిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చుట్టాకులోనూ రకాలు తీసింది, 'లంక స్పెషల్' అన్నది వాటిలో ఒకటి. విత్తనం అక్కడ భద్రంగానే ఉంటుంది. బొటనవేలి వాసన చూసి ఆకు జాతకం చెప్పే విద్యకి మాత్రం విత్తనం లేదు. కాల్చి ఆర్పిన సగం చుట్టలు దోపుకోవడానికి తాటాకు చూరులుండేవి, ఉప్పాడ ఒడ్డున ఆ ఇళ్ళు వీధులకి వీధులే కెరటాల్లో కలిశాయి. మిగిలిన డాబాలకి చూరు లేదు. నేను కోరేది పొగ బతకాలని కాదు, ఆ ముక్కుల, ఆ వేళ్ళ పేరు మిగలాలని. ఈ ఊరి చేపని, చీరని పొగిడిన నోళ్ళు ఎన్నో ఉన్నాయి, ఈ ఎంపికని కూడా ఎవరో ఒకరు పొగడాలి.

ఆ విద్య తెలిసినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. సెంటర్లో కొట్టు ముందు ఒక మామ్మ గొంతుక్కూర్చుని ఉంది. కొట్టబ్బాయి ముందే కాగితంలో చుట్టి ఉంచిన కాడలు చేతికిచ్చాడు.

"కొత్త సరుకు మామ్మా, ఫస్టు రకం."

ఆమె కాగితం విప్పింది. ఈనె వంచింది. బొటనవేలు రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏరా, మీ నాన్న ఉన్నప్పుడు నన్నిలా మోసం చేశాడా? ఇది సరిగా మాగనే లేదు. మండె ఒక్కసారే తిరగేశారు."

"నీకెలా తెలుసు మామ్మా?"

"నీ ముక్కు పక్కన పెట్టి, ఆ అడుగు కట్ట తియ్యి. పైది కాదు, దాని కిందది. ఆఁ, అందులోంచి రెండు కాడలియ్యి. డబ్బులు సంతకిస్తాను."