గొట్టం కింది ముద్రలు

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద అత్తరు, ముత్యాల సందడి దాటి మెట్లెక్కితే పాత తుపాకుల ఉస్తాద్ గది. ముందు లైసెన్సు కాగితం చూపించాలి, ఆ తర్వాతే సరుకు ముట్టుకుంటాడు.

ఆ రోజు వచ్చింది ఒంటిగుండు జర్మన్ టార్గెట్ పిస్టల్. పొడుగాటి గొట్టం మీద నగిషీ అక్షరాల్లో ఓ పేరు. చేసినవాడిదేనని యజమాని మురిసిపోతున్నాడు. ఉస్తాద్ నవ్వాడు.

"అది అమ్మిన దుకాణం పేరై ఉంటుంది సాబ్. అసలువాడు కింద దాక్కుంటాడు."

గొట్టం కింది చెక్క విప్పి, నూనెగుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టాడు. చిన్న కిరీటాలు, వాటి కింద యు, జి, ఎన్ అక్షరాలు. 1891 నాటి జర్మన్ చట్టం కింద వేసిన పరీక్ష ముద్రలవి: యు అంటే తనిఖీ అయిందని, జి అంటే గొట్టం లోపల గాడులున్నాయని, ఎన్ అంటే పొగరాని మందుతో కాల్చి చూశారని. కిరీటం బదులు డేగ ఉంటే 1940 నుంచి వేసిన ముద్ర.

ఊరు ఇంకోచోట దొరికింది: 'మెహ్లిస్' అని ఒంటిగా. తురింగియాలోని జెల్లా, మెహ్లిస్ 1919లో కలిసి ఒకే ఊరయ్యాయి. విడి పేరుంది కాబట్టి అంతకు ముందుదే. పాత అచ్చు వాడేసి ఉంటే ఏడాదో రెండో అటూ ఇటూ, అంతే.

చీటీలో ఊరు రాశాడు, కాలం రాశాడు. చేసినవాడి పేరు దగ్గర ఖాళీ వదిలాడు. యజమాని బతిమాలినా కలం కదల్లేదు. తుప్పు గీకొద్దని మాత్రం రెండుసార్లు చెప్పాడు. గీకితే ముద్రలే పోతాయట.