ఆంగ్లనాటకముల యచ్చుప్రతులు – అంతర్జాలసాధనములు

షేక్స్పియరునాఁటి యాంగ్లనాటకములను మూలప్రతులతోఁ బరిశోధింపఁ గోరువారు పూర్వము లండను, ఆక్స్‌ఫర్డు నగరముల గ్రంథాలయములకుఁ బోవలసియుండెను. పోలేనివారు పరిష్కర్తలు ప్రకటించిన ముద్రణములనే నమ్ముకొని యుండిరి. ఇప్పు డా ప్రతులలోఁ బెక్కింటి ఛాయాచిత్రము లంతర్జాలమున లభించుచున్నవి. ఇది సామాన్యమైన లాభము గాదు. అయినను తెరమీఁదఁ గనఁబడు పాఠమే గ్రంథమని భ్రమించుట కవకాశము మెండుగా నున్నది గావున నీ నాలుగుమాటలు వ్రాయవలసివచ్చినది.

ఈ సాధనములలోఁ బెద్దది ‘ఎర్లీ ఇంగ్లీషు బుక్స్ ఆన్‌లైన్’ అను భాండాగారము. 1938లో అమెరికాలో యూజీన్ పవరు స్థాపించిన సంస్థ తీసిన మైక్రోఫిల్ములే దీనికి మూలము. చిత్రములను జూచుటకుఁ జందా కట్టిన విద్యాసంస్థలకే ప్రవేశము. కాని వానిని జూచి చేతితో నెక్కించిన పాఠములలో సుమారు 25,000 గ్రంథములు 2015 జనవరి 1వ తేదిని సర్వజనులకును విడువఁబడినవి. 2020లో రెండవభాగమును విడుదలయ్యెను.

చిక్కంతయు నీ యెక్కించిన పాఠములలోనే కలదు. నాఁటి ముద్రాపకులు ‘లవ్’ వంటి పదముల నడుమ ‘వి’ అక్షరమునకు బదులు ‘యు’ అక్షరమును వాడిరి. నేఁటి వర్ణక్రమముతో మాత్రమే వెదకువాని కది దొరకదు. దొరకనిది లేదని తలఁచి నేనును నొకప్పుడు మోసపోయితిని. ఫిల్ములో నక్షరము మాసియున్నచోట లేఖకులు చుక్క నుంచిరి. అట్టి పదమును వెదకులాటకుఁ జిక్కదు. మూలప్రతిలో నా యక్షరము స్పష్టముగానే యుండవచ్చును.

ఒక్క ప్రతిని జూచి తృప్తిపడుటయుఁ బ్రమాదమే. 1603లో నచ్చయిన ‘హామ్లెట్టు’ ప్రథమముద్రణమునకు లోకమున రెండే ప్రతులు మిగిలినవి. 1823లో మొదటిది బయల్పడువఱకు నట్టి ముద్రణ మొకటి యున్నదని పండితు లెఱుఁగరు. కాలిఫోర్నియాలోని హంటింగ్టను గ్రంథాలయపుఁ బ్రతికిఁ గడపటి యాకు లేదు. బ్రిటిషు లైబ్రరీ ప్రతికి ముఖపత్రము లేదు. రెండును జూచినఁగాని గ్రంథము పూర్తికాదు. 1608 నాఁటి ‘లీరు రాజు’ కథ మఱియొకటి. అచ్చు జరుగుచుండఁగనే యంత్రము నాపి తప్పులు దిద్దిరి. దిద్దకమున్ను ముద్రించిన కాగితములను గూడఁ బాఱవేయక కలిపి కుట్టిరి. అందుచే మిగిలిన 12 ప్రతులలోఁ బాఠములు భేదించుచున్నవి. 1940లో గ్రెగ్గు పండితుఁ డా భేదములనే యొక గ్రంథముగాఁ బ్రకటించెను. తాళపత్రములతోఁ గుస్తీపట్టిన మనవారి కిది వింత గాదు. అచ్చుపుస్తకములన్నియు నొక్కటే యని నమ్మువారికే వింత.

ఫార్మరు, లెస్సరు పండితులు నిర్మించిన నాటకముద్రణసూచి మాత్రము నిస్సంకోచముగా మెచ్చఁదగినది. ఏ నాటక మే సంవత్సరమున నెవరిచే నచ్చయ్యెనో, ముఖపత్రమున నే నాటకసమాజము పేరున్నదో యది చెప్పును. పేరు మాత్రమే మిగిలిన నాటకములకు వేఱొక సూచి కలదు.

డల్విచ్ కళాశాలలోని ఫిలిప్ హెన్‌స్లో లెక్కలపుస్తకపుఁ జిత్రములు వీనికంటెను విలువగలవి. 1602లో ‘డాక్టరు ఫాస్టసు’నకుఁ జేర్పులు వ్రాసినందులకు విలియం బర్డు, శామ్యూల్ రౌలీలకు 4 పౌను లిచ్చినట్లు హెన్‌స్లో పద్దు వ్రాసికొనెను. 1604, 1616 ముద్రణముల భేదమును విచారించువారి కీ పద్దే యాధారము. అయితే యా పుస్తకమునఁ గొన్ని దొంగపద్దులును గలవు; 19వ శతాబ్దిలో జాన్ పేన్ కాలియరు వానిని జేర్చెనని పండితుల నిర్ణయము. ఎక్కించిన పాఠమున నన్ని పద్దులు నొకేరీతిగాఁ గనఁబడును. సిరా, చేవ్రాఁత, పంక్తుల యెడము చిత్రమునఁ జూచినఁగాని దొంగ పట్టుపడఁడు.

2023 అక్టోబరులో బ్రిటిషు లైబ్రరీ యంత్రసామగ్రిపై దాడి జరిగి, యచ్చటి చిత్రములు చాలకాలము మూతపడినవి. కావున నట్టి చిత్రము నుదాహరించువారు గ్రంథాలయము పేరును, బ్రతి గుర్తును, జూచిన తేదిని వ్యాసముననే వ్రాయవలయును.