సంచి, వేతనం: శ్వేతజాతి ప్రివిలేజ్ చర్చలో రెండు రూపకాలు

అమెరికాలో జాతి వివక్షను గురించిన చర్చ తరచు ‘ప్రివిలేజ్’ అన్న పదం దగ్గర దారి మళ్లుతుంది. వాదం వివక్షను విడిచి, మాట్లాడే మనిషి మంచిచెడ్డల మీదికి పోతుంది. ఇందుకు ఒక కారణం ఆ పదాన్ని ప్రచారంలోకి తెచ్చిన రూపకంలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పెగ్గీ మెకింటాష్ 1988 నాటి పత్రంలో తెల్లవారికి శ్రమ లేకుండా దక్కే అనుకూలతలను కంటికి కనిపించని, బరువు తెలియని వీపుసంచితో పోల్చారు. దుకాణంలో ఎవరూ అనుమానంతో వెంబడించకపోవడం వంటి 46 ఉదాహరణలను పేర్కొన్నారు. అలవాటులో కలిసిపోయినదానిని గుర్తింపజేయడం ఈ రూపకం సాధించిన ప్రయోజనం. అయితే సంచి ఉండేది వ్యక్తి వీపు మీద. పేద తెల్ల కార్మికుడు తన సంచి ఖాళీ అంటాడు. సంపన్నుడు ఉన్నదని ఒప్పుకొని ఊరుకుంటాడు. ఆ సంచిని నింపిన వ్యవస్థ ప్రస్తావన రెండు సమాధానాలలోనూ రాదు.

డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ 1935లో ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్ ఇన్ అమెరికా’ గ్రంథంలో వాడినది వేతన రూపకం. తెల్ల కార్మికులకు కూలి తక్కువైనా, బహిరంగ మర్యాద, ఉద్యానవనాలలో ప్రవేశం, మెరుగైన పాఠశాలల రూపంలో సామాజిక, మానసిక వేతనం ముట్టిందని ఆయన వివరించారు. వేతనమన్నప్పుడు చెల్లించేవారెవరు, వారికేమి లాభమన్న ప్రశ్నలు తప్పవు. నల్ల, తెల్ల కార్మికులు ఏకం కాకపోవడమే ఆ లాభం. పేదరికం, జాతిపరమైన అనుకూలత ఒకే మనిషిలో ఉండడాన్ని ఈ రూపకం వివరించగలదు, సంచి వివరించలేదు.

లూయిస్ గోర్డన్ మరొక అభ్యంతరం లేవనెత్తారు. ప్రివిలేజ్‌గా చెప్పేవాటిలో అనేకం మనుషులందరికీ ఉండవలసిన హక్కులే. వాటిని ప్రివిలేజ్ అంటే వదులుకోవలసినవిగా ధ్వనిస్తాయి.

తెలుగులో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ‘ఆధిక్యత’ అంటే ‘సుప్రిమసీ’తో భేదం చెరిగిపోతుంది. అది ఒక భావజాలం. ప్రివిలేజ్ ఆ భావజాలాన్ని నమ్మనివారికి కూడా అందే ఫలితం. ‘ప్రత్యేక హక్కు’ అంటే అన్యాయానికి హక్కు హోదా లభిస్తుంది. ‘అయాచిత లబ్ధి’ ఇంతకంటె మేలు. హక్కు అందరిదీ, అది కొందరికే అందినప్పుడు వారు పొందేది లబ్ధి. లబ్ధి అన్నచోట నష్టపోయినవారెవరన్న ప్రశ్న కూడా నిలుస్తుంది. కుల చర్చలోనూ ‘ప్రివిలేజ్’ వాడుకలోకి వచ్చినందున, ఈ పదనిర్ణయం అమెరికా గ్రంథాల అనువాదానికి పరిమితమైన సమస్య కాదు.