డబ్బా మాంసము - ఉప్పుచేప

1937లో అమెరికాలో హార్మెల్ సంస్థ విడుదల చేసిన ‘స్పామ్’ అనే డబ్బా మాంసం రెండవ ప్రపంచయుద్ధంలో సైనికుల ఆహారమైనది. యుద్ధం ముగిసినా హవాయి, ఫిలిప్పీన్స్ వాసులు దానిని విడువలేదు. ఇది లేమి నేర్పిన అలవాటే అని కొట్టివేయడం తొందరపాటు. గోదావరి డెల్టాలో తాజా చేప దొరికే ఊళ్ళలోనే, మేడలలో సైతం, పప్పుచారు ప్రక్కకు ఉప్పుచేప వేగుతూనే ఉన్నది గదా!

డబ్బాలో వేడిమి సూక్ష్మజీవులను చంపుతుంది. గాలి చొరని మూత కొత్తవాటిని రానీయదు. ఉప్పుచేపలోనో, ఉప్పూ ఎండా కలసి నీటిని లాగివేసి వాటిని పెరగనీయవు. ఈలోగా చేపలోని ఎంజైములు మాంసకృత్తులను కొంతవరకు అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. వాటిలో గ్లుటామిక్ ఆమ్లం నాలుకకు నిండైన రుచి నిస్తుంది. నీరు పోవడంతో ఆ రుచి మరింత చిక్కబడుతుంది. పచ్చిచేపకు ఈ చిక్కదనం లేదు. వాసనను ఈసడించేవారు ఈ సంగతి గమనించరు.

అయితే మెచ్చుకోలు గుడ్డిది కారాదు. సముద్రతీరాన నెత్తళ్ళను ఇసుకపైనే ఆరబోస్తే ఇసుక అంటుతుంది. ఉప్పు చాలని చేపపై ఈగలు గుడ్లు పెడతాయి. ఉప్పు తగ్గిస్తే పురుగు, మితిమీరి తింటే రక్తపోటు. నేలకు ఎత్తుగా వల పరచిన బల్లలపై ఆరవేస్తే క్రిందినుంచి కూడా గాలి తగిలి త్వరగా ఎండుతుంది. ఇక వంటింటిలో, వేయించేముందు చేపను నానవేసి ఆ నీరు పారబోసే గృహిణి ఉప్పును కొంత వదిలిస్తున్నది. డబ్బా మాంసం తినేవారికి ఆ వీలు అంతగా లేదు.