బాస్కెట్ ఉంది, కాలు మోపే చోటే లేదు

డిస్క్ గోల్ఫ్ కోర్సు ఎలా ఉందో తెలుసుకోవడానికి బాస్కెట్ దాకా నడవక్కర్లేదు. మొదటి టీ దగ్గర, అంటే తొలి విసురుకు నిలబడే చోట, ఆగి కాళ్ళ కిందికి చూస్తే చాలు. అక్కడ గట్టి కాంక్రీటు పలక ఉంటే ఆ ఊళ్ళో ఎవరో కోర్సును పట్టించుకుంటున్నట్టే. మధ్యలో గుంటపడి, నిన్నటి వాన నీళ్ళు నిలిచి, అంచుల్లో చెట్టు వేర్లు పైకి తేలిన మట్టి ఉంటే మిగతా ఎనిమిది హోల్స్ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

అమెరికా మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్ళలో ఇలాంటి కోర్సులు తరచుగా కనిపిస్తాయి. ఊరి పార్కు వెనకవైపు, బేస్‌బాల్ మైదానానికీ వాగుకీ మధ్య మిగిలిపోయిన జాగాలో తొమ్మిది బాస్కెట్లు పాతి ఉంటాయి. గేటు ఉండదు, టికెట్ ఉండదు. ఆట సూత్రం గోల్ఫ్‌దే. బంతికి బదులు సుమారు 21 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ డిస్క్, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనప బాస్కెట్. టీ నుంచి విసరాలి, పడ్డచోటి నుంచి మళ్ళీ విసరాలి, ఎన్ని విసుర్లకు డిస్క్ బుట్టలో పడిందో లెక్కపెట్టుకోవాలి. రెండు మూడు డిస్కులు కొనుక్కుంటే ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చు. ఇంత తక్కువ ఖర్చుతో పిల్లల్నీ పెద్దల్నీ ఒకే దారిలో నడిపించే ఆట మరొకటి దొరకడం కష్టం. అందుకే దాన్ని అలా వదిలేయడం చూస్తే బాధగా ఉంటుంది.

ఈ ఆటకు మొదటి శాశ్వత కోర్సు 1975లో కాలిఫోర్నియాలోని లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్‌లో, ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. దాన్ని వేసిన ఎడ్ హెడ్రిక్ అంతకుముందు వామ్-ఓ కంపెనీలో పనిచేస్తూ ఫ్రిస్బీకి మెరుగులు దిద్ది 1967లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా జనం చెట్టునో, దీపస్తంభాన్నో, చెత్తడబ్బానో గురిగా పెట్టుకుని ఆడేవాళ్ళు. డిస్క్ తగిలిందా లేదా అన్న తగువు తేలేది కాదు. ఓక్ గ్రోవ్‌లో కూడా మొదట పాతినవి ఉత్త స్తంభాలే. ఆ తర్వాత హెడ్రిక్ గొలుసుల బాస్కెట్ తయారుచేశాడు. 1977లో దానికి పేటెంటు వచ్చింది. గొలుసులు ఝల్లుమన్నాయి, డిస్క్ బుట్టలో కూర్చుంది, తగువు తీరింది. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ, 1976లో మొదలుపెట్టింది కూడా ఆయనే.

ఆటను నిలబెట్టింది ఆ బాస్కెటే. బాస్కెట్లు పాతేస్తే కోర్సు సిద్ధమైపోయినట్టే అన్న నమ్మకం కూడా దానితోనే వచ్చినట్టుంది.

టీ మీద జరిగేదేమిటో దగ్గరగా చూస్తే ఆ నమ్మకం ఎంత తప్పో తెలుస్తుంది. దూరం విసరాలనుకునే ఆటగాడు నిలబడి విసరడు. పక్కవాటుగా మూడు నాలుగు అడుగులు వేస్తాడు, ఒక కాలిని రెండోదాని వెనక నుంచి దాటిస్తాడు, ఆఖరి అడుగులో ముందుకాలిని గట్టిగా ఊని నడుమునీ భుజాన్నీ ఒక్కసారిగా తిప్పుతాడు. ఆ తిప్పుడులో ఊనిన పాదం మడమ మీద తిరగాలి. నేల సమంగా ఉంటే తిరుగుతుంది. గుంటలో ఇరుక్కున్నా, వేరుకి తగిలినా పాదం ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది. బురదైతే ఇంకో ప్రమాదం, కాలు ముందుకి జారుతుంది. చూసేవాళ్ళకు చేతి ఆటలా కనిపించినా, దీని బలం పుట్టేది కాళ్ళలోనే.

కోర్సులు వేసేవాళ్ళకు పీడీజీఏ ఇచ్చే సూచనల్లో మామూలు కాంక్రీటు టీ కొలత 5 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పైభాగం నున్నగా ఉండకూడదు. తడి ఆరకముందే చీపురుతో అడ్డగీతలు పెడితే వానలోనూ బూటుకి పట్టు దొరుకుతుంది. పలక ముందు అంచు నేలతో సమంగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే విసిరాక ఒంటి ఊపు ఆటగాణ్ణి అంచు దాటి ముందుకి తీసుకెళుతుంది. చాలాచోట్ల పలక బాగానే ఉన్నా దాని ముందు మట్టి కొట్టుకుపోయి జానెడు లోతు గుంట పడుతుంది. బండెడు కంకర పోస్తే పోయే లోపం, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కాంక్రీటుకి డబ్బు లేనిచోట గుర్రాల కొట్టాల్లో పరిచే దళసరి రబ్బరు చాపలు వేస్తారు. మంచి ఉపాయమే. మూలలకు మేకులు దిగ్గొట్టకపోతే మాత్రం అవి పైకి మడుచుకుని కాలికి అడ్డం పడతాయి.

మరి టీని ఎందుకు వదిలేస్తారు? చిన్న ఊళ్ళ కోర్సులు పుట్టే పద్ధతిలో కొంత జవాబు ఉంది. చాలా కోర్సులు స్కౌట్ కుర్రాళ్ళ చేతి పని. అక్కడ ఈగిల్ స్కౌట్ హోదా కావాలంటే పద్దెనిమిదేళ్ళు నిండకముందే ఊరికి పనికొచ్చే ఒక ప్రాజెక్టును దగ్గరుండి నడిపించాలి. కుర్రాడు అంగళ్ళకు తిరిగి చందాలు పోగుచేస్తాడు, స్నేహితుల్ని కూడగడతాడు, పార్కు అధికారుల అనుమతి తెచ్చుకుంటాడు, బాస్కెట్లు పాతుతాడు. ఆ వయసులో అది చిన్న పని కాదు, నిజంగా మెచ్చుకోవాలి. తర్వాత అతను కాలేజీకి వెళ్ళిపోతాడు. గడ్డి కోయడం, గుంటలు పూడ్చడం లాంటి రోజువారీ పని ఈగిల్ ప్రాజెక్టుగా చెల్లదు. కట్టినవాడికి హోదా ఉంది గానీ, కాపాడేవాడికి ఏ హోదా లేదు. లోపం కుర్రాడిది కాదు, ప్రారంభోత్సవం రోజునే పని పూర్తయిందని కాగితం మూసేసే పెద్దలది.

కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ పెట్టి, శిలాఫలకం వేసి, రెండేళ్ళకు తిరగని చక్రాల్నీ ఊడిన పెడల్స్‌నీ చూసిన తెలుగు పాఠకుడికి ఇది వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ, ఫోటోలో అందంగా పడే బాస్కెట్లు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి. గొలుసుల్ని పట్టుకునే చిన్న కొక్కేలు ఊడతాయి. పాత రకాల్లో గొలుసుల వరస ఒక్కటే. అందులో రెండు పోతే సరిగ్గా మధ్యకి వేసిన డిస్క్ కూడా ఇటు దూరి అటు బయటపడుతుంది. కొత్త రకాలకు బయట ఒక వరస, లోపల ఒక వరస ఉండి ఆ ఇబ్బందిని తగ్గించాయి. బుట్ట అంచు నేల నుంచి సుమారు 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలన్నది నియమం. స్తంభం చుట్టూ మట్టి కొట్టుకుపోతే నిలబడేవాడు కిందికి దిగిపోతాడు, బుట్ట పైకి లేస్తుంది. పక్కకు ఒరిగిన బాస్కెట్ ఎన్నాళ్ళు అలా ఉందో దాని అడుగున పెరిగిన కలుపు చెబుతుంది.

బోర్డులది ఇంకో కథ. టీ పక్కన హోల్ నంబరు, దూరం, పార్ (అంటే ఆ హోల్‌కి పట్టాల్సిన విసుర్ల లెక్క), బాస్కెట్ ఎటువైపుందో చూపే బొమ్మ ఉండాలి. అది లేనిచోట కొత్తగా వచ్చినవాళ్ళు కనబడిన బాస్కెట్‌కల్లా విసురుతారు. మూడో హోల్ ఆడేవాళ్ళూ ఏడో హోల్ ఆడేవాళ్ళూ ఎదురెదురుగా వస్తారు. యూడిస్క్ లాంటి యాప్‌లో మ్యాపు దొరుకుతుంది నిజమే. కానీ మనవణ్ణి వెంటబెట్టుకుని మొదటిసారి వచ్చిన తాతకు ఆ యాప్ పేరెలా తెలుస్తుంది? బాస్కెట్ కింద తర్వాతి టీ వైపు చూపే ఒక బాణం గుర్తు ఉంటే సగం తికమక తీరిపోతుంది.

తికమక ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది. కుడిచేతివాటం మనిషి బ్యాక్‌హ్యాండ్‌లో విసిరిన డిస్క్, పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే దిక్కునే తిరుగుతుంది. వేగం తగ్గిందంటే ఎడమకి వాలిపోతుంది. కొత్తవాళ్ళ చేతిలో ఆ వాలు మరీ ఎక్కువ. కాబట్టి ఫెయిర్‌వేకి, అంటే టీకీ బాస్కెట్‌కీ మధ్య దారికి, ఎడమపక్క నడకదారి గానీ పిల్లల ఉయ్యాలలు గానీ ఉంటే, డిస్క్ గట్టి అంచు ఏదో ఒకరోజు ఎవరికో తగిలి తీరుతుంది. కోర్సు వేసిననాడు లేని నడకదారి తర్వాత వచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు కదలాల్సింది టీ. దారినపోయేవాళ్ళు తప్పుకుని నడవాలనడం న్యాయం కాదు.

చెట్ల గురించి ఆటగాళ్ళు కూడా తక్కువే మాట్లాడతారు. ఫెయిర్‌వే పక్కనున్న చెట్టుకి డిస్కులు ఒకే ఎత్తులో, ఒకే వైపున తగులుతాయి. బెరడు లేస్తుంది, దాని కింద పెరుగుదల జరిగే పలుచని పొర దెబ్బతింటుంది, పుండు మానేలోపు మళ్ళీ తగులుతుంది. బాస్కెట్ చుట్టూ అడుగుల తొక్కిడికి నేల బిగుసుకుపోతుంది. వాన నీరు లోపలికి ఇంకక వాలు వెంట పారి, మట్టిని తీసుకుపోయి వేర్లను బయటపెడుతుంది. దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. ఒక్కో హోల్‌కి రెండు మూడు చోట్ల బాస్కెట్ స్తంభం దిగే గొట్టాలు పాతిపెట్టి, కొన్ని నెలలకోసారి బాస్కెట్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాలి. వదిలేసిన నేల మళ్ళీ పచ్చబడుతుంది, ఆటా కొత్తగా మారుతుంది. పట్టించుకోని కోర్సుల్లో ఆ రెండో గొట్టం గడ్డి కింద కప్పబడిపోయి ఉంటుంది. ఊళ్ళో కొట్టేసిన చెట్ల ముక్కలు పార్కు సిబ్బంది దగ్గర కుప్పలుగా ఉంటాయి కదా. మొదలుకి ఆనకుండా చెట్టు చుట్టూ వాటిని నాలుగు తట్టలు పరిస్తే నేలకీ వేరుకీ ఊపిరి ఆడుతుంది.

ఇంత పాడైనా బాగా ఆడేవాళ్ళకు పెద్ద నష్టం లేదు. కారెక్కి ముప్పై మైళ్ళ అవతలి మంచి కోర్సుకి వెళ్ళిపోతారు. నష్టం కొత్తగా వచ్చినవాళ్ళది. వాళ్ళకు అదే మొదటి కోర్సు, చాలాసార్లు అదే ఆఖరిది కూడా. పీడీజీఏ లెక్కలో టీలకు రంగులున్నాయి: కొత్తవాళ్ళకు ఎరుపు, సరదాగా ఆడేవాళ్ళకు తెలుపు, ఆపైన నీలం, ఆరితేరినవాళ్ళకు బంగారు రంగు. చిన్న ఊరి కోర్సులో తరచుగా ఒక్క టీయే ఉంటుంది, అదీ వేసినవాళ్ళ చేతి బలానికి తగ్గ దూరంలో. నూటయాభై అడుగులు విసరగలిగే అమ్మాయి ముందు మూడొందల యాభై అడుగుల హోల్ పెట్టి, దారి పక్కన మోకాలెత్తు గడ్డీ, దురద పుట్టించే పాయిజన్ ఐవీ తీగా పెరగనిస్తే, రెండో హోల్‌కల్లా ఒక డిస్క్ పోతుంది, మూడో హోల్‌కి ఉత్సాహం పోతుంది. డిస్క్ వెనక ఫోన్ నంబరు రాసిపెట్టుకోవడం ఈ ఆటలో మంచి ఆనవాయితీ. దొరికినవాళ్ళు ఫోన్ చేసి తిరిగిస్తారు. అయితే ముందు అది ఎవరికైనా కనబడాలి కదా.

ఆ కొత్తవాళ్ళలో మనవాళ్ళూ ఉండొచ్చు. మిస్సోరీ, కాన్సాస్ లాంటి రాష్ట్రాల్లోని చిన్న యూనివర్సిటీ ఊళ్ళలో తెలుగు విద్యార్థులు చాలామంది చదువుతున్నారు. చేరిన మొదటి ఏడాది చాలామందికి కారుండదు, ఖర్చుపెట్టడానికి డబ్బుండదు, శనివారం సాయంత్రం గది దాటి వెళ్ళే చోటూ ఉండదు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఉచిత కోర్సు అలాంటి కుర్రాడికి, ఊరివాళ్ళతో కలిసి గంటసేపు నడిచే అవకాశం ఇస్తుంది. ఈ ఆటలో అపరిచితులు నలుగురు ఒక జట్టుగా కలిసిపోవడం మామూలే.

చిన్న ఊరు కాబట్టి ఇంతే అనుకోనక్కర్లేదని కాన్సాస్‌లోని ఎంపోరియా చూపిస్తుంది. జనాభా పాతికవేల లోపు. డైనమిక్ డిస్క్స్ కంపెనీ అక్కడే మొదలైంది. 2016లోనూ 2022లోనూ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆ ఊళ్ళోనే జరిగింది. 2022లో పాల్ మెక్‌బెత్ ఆరోసారి గెలిచాడు. మహిళల్లో ఎస్తోనియా క్రీడాకారిణి క్రిస్టిన్ టట్టర్ తొలిసారి గెలిచింది. అక్కడి కోర్సుల్లో ఒకటి పీటర్ పాన్ పార్కులో ఉంది. ఎంపోరియా గెజెట్ పత్రికను నడిపిన సంపాదకుడు విలియం అలెన్ వైట్ కుటుంబం, 1921లో గుర్రపుస్వారీ ప్రమాదంలో పదహారేళ్ళకే పోయిన కూతురు మేరీ జ్ఞాపకంగా ఊరికిచ్చిన పార్కు అది. ఎంపోరియాకి కంపెనీ దొరికింది, పోటీలు దొరికాయి, అన్ని ఊళ్ళకూ అవి దొరకవు. కానీ కోర్సును ఊరి ఆస్తిగా చూడటానికి కంపెనీ అక్కర్లేదు. హోల్‌కో కుటుంబం చొప్పున దత్తత ఇచ్చే పద్ధతి చాలా క్లబ్బుల్లో నడుస్తోంది. నెలకోసారి గడ్డి కొట్టడం, చెత్త ఏరడం, ఊడిన కొక్కెం కనబడితే చెప్పడం, ఆ కుటుంబం పని అంతే.

ఇక కాంక్రీటు. 5 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం పలకకి పట్టేది 20 ఘనపుటడుగులు. తొమ్మిది టీలకు 180, అంటే ఏడు ఘనపు గజాలకన్నా తక్కువ. అక్కడ మామూలు రెడీమిక్స్ లారీ ఎనిమిది నుంచి పది గజాలు మోస్తుంది. ఒక్క లారీతో కోర్సు మొత్తం అయిపోతుంది. సరుకు ఖర్చు తొమ్మిది బాస్కెట్ల ఖర్చుకన్నా తక్కువే. కష్టం లారీ చెట్ల మధ్యకి రాలేకపోవడంలో ఉంది. ఒక్కో పలక ఒకటిన్నర టన్నుకి కాస్త తక్కువ బరువు. ఒంటిచక్రం బండ్లమీద తోసుకెళ్ళాలంటే పలకకి కనీసం ఏడెనిమిది తడవలు. కాంక్రీటు గట్టిపడేలోపు అంతా పోసెయ్యాలి కాబట్టి ముందు వారమే చెక్క చట్రాలు బిగించి, కింద కంకర దిమ్మిస కొట్టి ఉంచాలి. మంచు పడే కాలం రాకముందే పని ముగించాలి. ఇరవైమంది ఉంటే ఒక్క పూటలో తేలుతుంది. అంతమంది దొరకని ఊళ్ళో, ఒక్క హోల్‌కే డబ్బుంటే, మొదటి హోల్‌కి పలక వేసి, దాని ముందు వంద అడుగుల్లో కొత్తవాళ్ళకు ఒక ఎర్ర టీ పెట్టి, పక్కన బోర్డు పాతడం మంచిది. ఆ ఏటికి కొత్త బాస్కెట్ల మాట పక్కన పెట్టొచ్చు.