ఎదుట పలుకరాని పేరు

ఒకే ఊరిలో వెంకటేశ్వర్లను పేరుగలవారు నలుగురున్నప్పుడు, ఎవరిని గూర్చి మాట్లాడుచున్నామో తెలియుటకై పొడుగు వెంకటేశ్వర్లనియు, పోస్టు వెంకటేశ్వర్లనియు, మిల్లు వెంకటేశ్వర్లనియు జనులు చెప్పుకొనుట మన పల్లెలలో సహజమే. అందు నాకు దోషమేమియు కనిపించదు. పోస్టు వెంకటేశ్వర్లు ఎదురుపడినను ఆ పేరుతోనే పలుకరింతురు, ఆయనయు నవ్వుచు పలుకును. కాని నాలుగవ ఆయన పేరునకు ముందు 'కుంటి' యను మాట చేరినపుడు, ఆయన వీధి మలుపు తిరిగి వచ్చుచుండగనే అరుగుమీదివారి గొంతులు తగ్గును. దగ్గరకు రాగానే "రండి వెంకటేశ్వర్లుగారూ, కూర్చోండి" యందురు. తాము ఇంతవరకు పలికినది తిట్టేయని వారికిని తెలియును.

గొంతు తగ్గింపవలసిన భయమైనను లేక, మనిషి ముఖముమీదనే కులము పేరు పెట్టి పిలుచుట ఇంతకంటె క్రూరము. ఆ క్రౌర్యమునకు సర్కారు దస్త్రములు సయితము తోడుపడిన కాలమొకటి కలదు. అంటరానివారని దూరముంచబడినవారికి పెట్టిన 'పంచములు' అను పేరు అట్టిదే. 1917లో బెజవాడలో ఆ పేరుతోనే సమావేశమైన మహాసభకు అధ్యక్షత వహించిన హైదరాబాదు నాయకుడు భాగ్యరెడ్డివర్మ, ఆ మాట పురాణములలో ఎచ్చటను లేదనియు, తమవారు ఈ నేలకు మూలవాసులనియు వాదింపగా, పంచమ సభగా ఆరంభమైనది ఆది ఆంధ్ర సభ యయ్యెను. 1922లో మద్రాసు ప్రభుత్వమును ఆ పేరును అంగీకరించెను. ఒకరు దయతో ఇచ్చినది గాక, తామే కూర్చుండి తర్కించి నిర్ణయించుకొన్న పేరగుటచేతనే దానియందు నాకింత గౌరవము. గాంధీజీ ప్రచారము చేసిన 'హరిజన' శబ్దమున ప్రేమ లేదని నేననను. ఐనను 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టమున చేర్పబూనినప్పుడు అంబేద్కరు ప్రతిఘటించి, తన మాట చెల్లకపోగా అనుచరులతో సభ విడిచి వెళ్ళెను. పిలువబడువారిని అడుగకుండ పెట్టిన పేరు ఎంత మధురమైనను వారికి రుచింపవలెనను నియమము లేదు గదా!

పత్రికకు వ్రాయు మాకు ఈ చిక్కు దినదినమును ఎదురగుచునే యుండును. చూపు లేని గాయకుని కచేరీని గూర్చి వ్రాయునప్పుడు, ఆయన కన్నుల ప్రసక్తి ఆ పాటకు అవసరమా యని మొదట విచారించుకొందును. చాలమారు అవసరముండదు, ఆ వాక్యమును కొట్టివేయుదును. తప్పనిసరి యైనచో, తన్ను గూర్చి ఎట్లు వ్రాయవలెనో ఆయననే అడిగి, ఆయన చెప్పిన మాటనే వ్రాయుదును.