ఎవరి ఏడుపు, ఎవరి కథ

మన తండాల్లో పెళ్లికూతురు అత్తగారింటికి కదిలేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఢావ్లో పాడుతుంది. తల్లికి చెప్పేది తల్లికి, అన్నకు చెప్పేది అన్నకు, ఏడుస్తూనే చెబుతుంది. రమేశ్ కార్తీక్ నాయక్ తన గోర్ బంజారా కథల పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. 2021లో వచ్చిన ఆ ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. మన ఏడుపు పేరు తెలుగు కథల పుస్తకం అట్టమీదికెక్కడం నాకు గర్వం. ఆ పేరే నన్నొక ప్రశ్న కూడా అడిగింది. ఢావ్లోలో బాధపడ్డ మనిషే పాడుతుంది, అదీ తనవాళ్ల ఎదుటనే. కథలో అట్లా కాదు. పడేది ఒకరు, రాసేది ఇంకొకరు.

దత్తత పేరుతో లంబాడా ఆడశిశువులను కొన్న సంగతి 1999లోనూ 2001లోనూ పత్రికలకెక్కింది. గీతా రామస్వామి 2001లో దీనిమీద అధ్యయనం రాశారు. అట్లా పోయిన బిడ్డ మా ఇంట్లోనూ ఉంది. మా మేనత్త మూడో ఆడపిల్ల. దానిమీద నేను కథ రాశాను. పేర్లు మార్చాను. తండాను చేవెళ్ల వైపు నుంచి మొయినాబాద్ వైపు జరిపాను. రెంటికీ మధ్య బస్సులో అరగంట. చిన్న తండాలో ఎవరి కథో ఎవరికి తెలియదు?

అచ్చుకు పంపే ముందు అత్తకు మన గోర్ బోలీలో చదివి వినిపించాను. అంతా విని ఒక్క మాట అంది: “ఇచ్చిన చెయ్యి రాసినవు. తీసుకున్న చెయ్యి ఏది?”

మళ్లీ చదువుకున్నాను. తల్లి పాపను అందించడం, నోట్లు పట్టుకోవడం ఒక పేజీ నిండా ఉంది. మధ్యవర్తి ఒక్క వాక్యంలో వచ్చిపోయాడు. ఆ ఏటి కరువు లేదు, అప్పు లేదు, మూడోదీ ఆడపిల్లేనని ఇంటి మగవాళ్లు అన్న మాటలు లేవు. చదివేవాళ్లను ఏడిపించే చోటు మాత్రం నేను వదల్లేదు. అత్తకు చేసిన అన్యాయమే కథలోని లోపం కూడా. ఆమె ఇంకొకటి కూడా అడిగింది. పాపను గుర్తుపట్టే ఆనవాలు తీసెయ్యమంది. ఎక్కడో పెరిగిన ఆ పిల్ల తన పుట్టుక సంగతి ముందు పుస్తకంలో చూడొద్దని.

అయితే ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే రాయాలా? కాదు. అడగాల్సింది దెబ్బ తిన్నవాళ్లను. కొట్టినవాళ్లనూ, పరువు కాపలాదారులనూ కాదు. 2017లో జార్ఖండ్ ప్రభుత్వం సంతాల్ రచయిత హాంస్దా సౌవేంద్ర శేఖర్ కథల పుస్తకాన్ని, సంతాల్ స్త్రీలను కించపరిచాడన్న ఆరోపణ మీద నిషేధించింది. స్త్రీల పేరు చెప్పి రచయిత నోరు మూయించే ఆ దారి మనకొద్దు.

“మీ ఇంటి కథ రాయండి” అని పిల్లలకు చెప్పే తోటి టీచర్లకు ఒక మాట. తరగతిలో పైకి చదివే ముందు ఆ పిల్లను విడిగా అడగండి. నేనొకసారి అడగలేదు. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు.

నా కథ ఈ పుస్తకంలో లేదు. తీసుకున్న చెయ్యిని ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ చెప్పినంత వరకు అత్త ఒప్పుకుంది.